టేకు చెక్క మీద మామిడాకు ముడుచుకునేదాకా - నా అనుభవం

మాది రాజమండ్రి దగ్గర ఒక ఊరు, వడ్రంగం మా ఇంటి పని. తాత చేశాడు, నాన్న చేశాడు, నేనూ అదే చేస్తున్నా గానీ నాదంతా ప్లైవుడ్డు, లామినేటు పని, మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు, టీవీ యూనిట్లు. 18 ఏళ్ళ నుంచి పనిలో ఉన్నా నగిషీ చెక్కింది మాత్రం లేదు. ఎవరైనా చెక్కుడు తలుపు కావాలంటే ఫోన్లో డిజైన్లు చూపించి సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మిషన్) వాళ్ళకి ఆర్డర్ ఇచ్చేసేవాణ్ణి. కిందటేడాది మా చెల్లెలు ఇల్లు మొదలుపెట్టి "అన్నయ్యా, సింహద్వారం గుమ్మం నువ్వే చెయ్యాలి, పైన మామిడాకుల తోరణం చెక్కి ఉండాలి, మన పాతింట్లో తాత చెక్కినట్టు" అంది. పాతిల్లు పడగొట్టినప్పుడు ఆ గుమ్మం ఎవరికో అమ్మేశాం. చిన్నప్పుడు రోజూ దాని కింద నుంచే తిరిగాను కదా, ఆ ఆకులు ఎలా ఉండేవో ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు, ఆ సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. సరే చేస్తానమ్మా అన్నాను.

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టా. డిపోలో మంచి చేవ ఉన్న టేకు చెక్క తీసుకున్నా, నాలుగడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం. గుమ్మం ఎత్తేశాక పైన అడ్డంగా బిగించే చెక్క అన్నమాట, దాని మీద 11 ఆకులు రావాలి. మంచి చెక్క మీద చెయ్యి పెట్టే ముందు ఒక తునక మీద రెండాకులు చెక్కి చూద్దామని కూర్చున్నా. పేపర్ మీద ఆకు గీసి కార్బన్ పెట్టి దింపి, చుట్టూ ఉలితో నిలువుగా కోసి, నేల, అంటే ఆకు చుట్టూ మిగిలే చెక్క, పావు అంగుళం దింపి, మధ్యలో నడి ఈనె గీసి, రెండు వైపులా ఈనెలు గీసేసి, అంచులు గుండ్రంగా రుద్దేసి గరుకు కాగితం పట్టా. ఆకారం ఆకే, కొలతలన్నీ కరెక్టే, ఈనెలు కూడా లెక్కగా ఉన్నాయి, కానీ చూస్తే చెంచా బోర్లించి దాని మీద గీతలు గీసినట్టుంది. చెట్టు నుంచి కోసిన ఆకు లక్షణం ఒక్కటి కూడా లేదు. ఇంకో నాలుగు చేశా, అన్నీ అంతే.

అప్పుడే ఫోన్లో గ్రిన్లింగ్ గిబ్బన్స్ అని ఒకాయన పని చూశా. 1648లో రాటర్‌డామ్‌లో పుట్టి ఇంగ్లాండ్ వెళ్ళి స్థిరపడ్డ శిల్పి, లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో కూడా ఆయన చెక్కిన పని ఉంది. పూలూ ఆకులూ పళ్ళూ గోడ మీద నుంచి లేచొచ్చి గాల్లో వేలాడుతున్నట్టు ఉంటాయి, ఆకు అంచు కాగితమంత పల్చన, కింద అంతా ఖాళీ. నాకు మతి పోయింది, ఇదే కదా నాకు కావాల్సింది అని అలాగే ఆకు కొన బయటికి లేచి వంపు తిరిగేటట్టు కింద తొలిచేశా. ఒక సాయంత్రం అంతా తొలిచి, ఆఖర్లో పొట్టు ఊదుదామని చెక్క ఎత్తితే బొటనవేలు తగిలి కొన పుటుక్కుమని విరిగిపోయింది. ఫెవికాల్ పెట్టి అతికించా. మర్నాడు పక్క ఆకుది విరిగింది.

ఇక లాభం లేదని పెదనాన్న దగ్గరకి వెళ్ళా. ఆయనకి 78 ఏళ్ళు, చెయ్యి వణుకుతుంది కాబట్టి ఉలి పట్టడం మానేసి పదేళ్ళయింది, కానీ కళ్ళు బాగానే ఉన్నాయి. విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని విరిగిన చోటు చూశాడు, ఆకు వైపు అసలు చూడనే లేదు. "ఏరా, నార ఎటుందో చూసుకున్నావా" అన్నాడు. అప్పుడు నాకు తట్టింది. చెక్క అడ్డంగా పెట్టేది కాబట్టి నార కూడా అడ్డంగానే పారుతుంది, ఆకులేమో కిందకి వేలాడతాయి, అంటే కొన దగ్గరకొచ్చేసరికి నార అడ్డంగా తెగిపోయి అంగుళం కూడా లేని పొట్టి పోగులు మిగుల్తాయి, వాటికి బలం ఎక్కడ నుంచి వస్తుంది, బిస్కెట్టు విరిగినట్టు విరుగుతుంది. ప్లైవుడ్డులో ఒక పొర అటు ఒక పొర ఇటు ఉంటుంది కాబట్టి ఇన్నేళ్ళూ నేను నార గురించి పట్టించుకోవాల్సిన అవసరమే రాలేదు. గిబ్బన్స్ వాడింది లైమ్ (మన నిమ్మ కాదు) అనే మెత్తటి కర్ర, సన్నగా తీసినా నిలబడుతుంది, పైగా గుత్తుల్ని కొన్ని చోట్ల విడివిడిగా చెక్కి ఒకదాని మీద ఒకటి బిగించేవాడు. ఫొటో చూసి దాన్ని టేకు మీద దింపాలనుకోవడం నా తప్పే.

పెదనాన్న చెప్పింది ఒకటే మాట. "కొన గాల్లో వదలకు. వెనక్కి తిరిగి నేలకి ఆనాలి, లేదా పక్క ఆకు మీద వాలాలి. ఆనకుండా ఏ ఆకూ ఉండకూడదు." ఇది విన్నాక నా డిజైన్ మొత్తం మారిపోయింది. అంతకు ముందు అన్ని కొనలూ బయటికి లేచేటట్టు గీశాను, ఇప్పుడు ఆకు నడుం దగ్గర ఉబ్బి ముందుకొచ్చి, అక్కణ్ణుంచి కొన లోపలికి మడిచి నేల దాకా వెళ్తుంది, లేదా పక్కకి ఒరిగి రెండో ఆకు వీపు మీద కూర్చుంటుంది. చూసేవాళ్ళకి ఆకు ఒంపు తిరిగినట్టు కనిపిస్తుంది, కర్రకి మాత్రం దన్ను దొరుకుతుంది. బలం కోసం చేసిన మార్పు అందంగా కూడా ఉండటం నాకు భలే అనిపించింది.

ఇంతకీ అసలు ఆకు ఎలా ముడుచుకుంటుంది అన్నది మాత్రం అప్పటికీ నాకు తెలీదు. ఉగాదికి మా ఆవిడ గుమ్మానికి మామిడాకులు కట్టింది. మామూలుగా అయితే మళ్ళీ పండగ దాకా అటు చూడం కదా, ఈసారి నేను రోజూ పొద్దున్నా సాయంత్రం స్టూలు వేసుకుని ఎక్కి చూసేవాణ్ణి, ఫొటోలు తీశా, పుస్తకంలో గీసుకున్నా. మొదటిరోజు ఆకులన్నీ ఒకేలా బల్లపరుపుగా వేలాడుతున్నాయి. రెండోరోజుకి రెండు పక్కలూ నడి ఈనె దగ్గర నుంచి పైకి లేచి పడవలా అయ్యాయి. మూడోరోజుకి కొన కొక్కెంలా తిరిగింది, కొన్నిటికి ఒక పక్కే ముడుచుకుంది, రెండో పక్క ఇంకా చాపగానే ఉంది. ఎండ తగిలే వైపు ఆకులు తొందరగా చుట్టుకున్నాయి, నీడలో ఉన్న చివరి రెండూ వారం దాకా పచ్చగానే ఉన్నాయి. ఈ 11 ఆకుల్లో ఏ రెండూ ఒకలా లేవు. మిషన్ మీద చేసిన డిజైన్లలో ఒకే ఆకుని కాపీ చేసి 11 సార్లు పెడతారు, అది చూసి చూసి తోరణం అంటే అలాగే ఉంటుందని నా కంటికి అలవాటైపోయింది.

ఇంకో సంగతి, మామిడాకు అంచు నిటారుగా ఉండదు, అలలుగా ఉంటుంది. ఎందుకలా అని కాగితంతో ఆకు కత్తిరించి వంచి చూశా, కాగితం ఒక వైపుకే వంగుతుంది, అల రాదు. ఒకరోజు అన్నం దగ్గర అప్పడం చూస్తూ ఉంటే అర్థమైంది. అప్పడం నూనెలో వేస్తే అంచు ఎక్కువ సాగి, మధ్యలో అంత సాగక, ఆ ఎక్కువైన అంచు ఎటు పోవాలో తెలీక పైకీ కిందకీ అలలు తిరుగుతుంది. ఆకు కూడా అంతే, అంచు దగ్గర పెరుగుదల ఎక్కువ, నడి ఈనె దగ్గర తక్కువ, అంచుని దారంతో కొలిస్తే నడి ఈనె కంటే పొడవు. నేను మొదట చెక్కిన ఆకుల్లో అంచు గీత సాఫీగా ఉంది, అందుకే చెంచా అయింది. ఇది తెలిశాక బంకమట్టి తెచ్చి ముందు మట్టితో ఆకులు చేశా, వేళ్ళతో అంచుని సాగదీస్తే అల దానంతటదే వచ్చేస్తుంది. 11 ఆకులూ మట్టితో చేసి చెక్క పక్కనే వరసగా పెట్టుకున్నా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, పేపర్ మీద ఎంత బాగా గీసినా మట్టితో ఒకసారి చేతికి తెలియాలి, లేకపోతే ఉలి ఎటు తిప్పాలో తెలియదు.

పనిముట్ల విషయానికొస్తే ఆన్‌లైన్‌లో సెట్లు చాలా దొరుకుతాయి, నేను కూడా ఒకటి కొన్నా గానీ ఎక్కువ వాడింది పెదనాన్నవే. ఆయన ఉలుల్లో సగం పాత ఆకురాళ్ళని కమ్మరి దగ్గర కొట్టించి చేయించుకున్నవి, ఆకురాయి ఉక్కు గట్టిది కదా పదును బాగా నిలుస్తుంది. బల్లపరుపు ఉలులు మూడు, వంపు తిరిగిన నోరు ఉన్నవి ఐదు, వాటిలో ఒకటి దాదాపు చదునుగా ఉంటే ఇంకొకటి బొటనవేలి గోరంత వంపు, ఇంకోటి చిటికెన వేలి గోరంత. మెడ దగ్గర వంగిన సన్నటిది ఒకటి, కింద తొలవడానికి. సన్న ఈనెలకి ఆయన దగ్గర ఒక చిత్రమైన పనిముట్టు ఉంది, పాత గొడుగు ఊచ. దాన్ని అడ్డంగా చూస్తే కాలవలా ఉంటుంది, కొసని సానబట్టి పిడి పెడితే వెంట్రుక మందం గాడి పడుతుంది. అంత సన్న గాడి తీసే ఉలి నేను కొన్న సెట్లో లేదు.

పదును గురించి చెప్పకపోతే తప్పు. టేకు కర్రలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, చూడ్డానికి నూనె జిడ్డుతో మెత్తగా తెగుతున్నట్టే ఉంటుంది గానీ పావుగంటకల్లా ఉలి మొద్దుబారిపోతుంది. మొద్దుబారిన ఉలితో నార ఎదురెక్కితే పెచ్చు లేచిపోతుంది, లేచిన పెచ్చు ఈనె లోపలికి వెళ్ళిందంటే ఆ ఆకు పోయినట్టే. సానరాయి, తర్వాత తోలు ముక్క మీద రుద్దడం, ఇది మొదట విసుగ్గా ఉండేది, తర్వాత అదే నాకు ఊపిరి తీసుకునే టైమ్ అయింది.

ఇక చెక్కే వరస. నేను మొదట చేసిన పెద్ద తప్పు ఈనెలు ముందు గీయడం. పెదనాన్న నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "ఈనె సంగతి మర్చిపో, అసలు ఆకు అన్న సంగతే మర్చిపో, గుట్ట ఎక్కడుంది పల్లం ఎక్కడుంది అది చూడు" అనేవాడు. అంటే ముందు నేల దింపాలి, నేను అంగుళం లోతు దింపా. తర్వాత పెద్ద వంపు ఉలితో ఆకు మొత్తాన్నీ ఒక అలలాగా మార్చాలి, తొడిమ దగ్గర పల్లం, నడుం దగ్గర గుట్ట, కొన దగ్గర మళ్ళీ పల్లం. ఈ దశలో చూస్తే అది ఆకులా ఉండదు, తడి గుడ్డ ఆరేసినట్టు ఉంటుంది. అంతా అయ్యాక దాని మీద నడి ఈనె గీత పెన్సిల్‌తో వెయ్యాలి, ఆ గీత గుట్టలూ పల్లాలూ ఎక్కి దిగుతూ దానంతటదే వంకర తిరుగుతుంది. నేను అంతకు ముందు గీతని వంకరగా గీసి వంపు తెప్పిద్దామని చూశా, అసలు వంపు గీతలో లేదు, దాని కింద ఉన్న నేలలో ఉంది. నాకు ఈ ఒక్క సంగతి బుర్రకెక్కడానికి మూడు నెలలు పట్టింది.

తర్వాత అంచులు. ఎదురుగా నిలబడి చూసేవాడికి అంచు ఒక మిల్లీమీటర్ మందమే ఉన్నట్టు కనిపించాలి, అలాగని ఆకంతా మిల్లీమీటర్ చెయ్యక్కర్లేదు. అంచు వెనక నుంచి ఏటవాలుగా కోసుకుంటూ లోపలికి వెళ్తే అంచు పల్చగానే ఉంటుంది, అరంగుళం లోపలికి వెళ్ళేసరికి కర్ర నిండుగా ఉంటుంది. ఆ ఏటవాలు కింద నీడ పడుతుంది, ఆ నీడే ఆకుని నేల మీద నుంచి పైకి లేపి చూపిస్తుంది. సీఎన్‌సీ మిషన్‌తో ఇది కుదరదు, మా దగ్గర తలుపులకి వాడే మిషన్లలో బిట్ పై నుంచి కిందకే దిగుతుంది, ఆకు కిందకి దూరలేదు. ఆ మిషన్ పని నేను ఇప్పటికీ కస్టమర్లకి ఇప్పిస్తూనే ఉన్నా, తక్కువలో అయిపోతుంది, తప్పేం లేదు. కానీ దాని ఆకులు నేలకి అతుక్కుని ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు నాకు తెలుసు.

వెలుగు విషయం కూడా పెదనాన్నే చెప్పాడు. నేను షెడ్డులో నెత్తి మీద రెండు ట్యూబ్‌లైట్లు వేసుకుని చేసేవాణ్ణి, ఆయన వచ్చీ రాగానే రెండూ ఆర్పేసి కిటికీ తెరిచాడు. పక్క నుంచి ఒకే వెలుగు పడితే చిన్న గుంట కూడా కనిపిస్తుంది, అన్ని వైపుల నుంచీ వెలుగు పడితే నీడ ఉండదు, నీడ లేకపోతే ఎంత లోతు తీశామో తెలీదు. మధ్యమధ్యలో చెక్కని గోడకి నిలబెట్టి పదడుగులు వెనక్కి వెళ్ళి చూసేవాణ్ణి. దగ్గర నుంచి బాగున్న ఆకు అక్కణ్ణుంచి చూస్తే ఏమీ లేనట్టు ఉండేది, అప్పుడు మళ్ళీ గుట్ట పెంచడం కుదరదు కాబట్టి పల్లం ఇంకా దింపాల్సి వచ్చేది.

మధ్యలో బెంగళూరులో ఒక ఫ్లాట్ పని ఉండి వెళ్ళొస్తూ హిందూపురంలో దిగి లేపాక్షి వెళ్ళా. లతా మంటపం స్తంభాల మీద ఒక్కో చోట ఒక్కో రకం తీగ, 16వ శతాబ్దం నాటి పని, మన చీరల అంచుల మీద కూడా ఆ డిజైన్లు వచ్చాయి. అక్కడ నేను చూసింది లోతు. రాయి కదా, ఆకు కింద ఖాళీ తియ్యడానికి లేదు, మొత్తం లోతు వేలి మందం కూడా లేదు, అయినా తీగ కదులుతున్నట్టే ఉంది. ఒక తీగ మలుపు దగ్గర అరగంట కూర్చున్నా. మలుపు దాటిన ప్రతిచోటా ఒక అంచు పదునుగా, రెండో అంచు నేలలోకి కలిసిపోయి ఉంది. ఇంటికి వచ్చాక నా ఆకుల్లో కొన్నిటికి ఒక పక్క అంచు పదునుగా ఉంచి రెండో పక్కని నేలలోకి ముంచేశా. అన్ని అంచులూ లేపాలన్న తాపత్రయం వల్లే అంతకు ముందు చెక్క అంతా గజిబిజిగా ఉండేది.

ఈనెలు ఆఖర్న గీశా. మామిడాకులో పక్క ఈనెలు నడి ఈనె దగ్గర ఎదురెదురుగా పుట్టవు, కొంచెం అటూ ఇటూగా పుట్టి అంచు దగ్గరకొచ్చేసరికి కొన వైపు వంగిపోతాయి, అంచుని తాకవు. నేను నిచ్చెన మెట్లలా ఎదురెదురుగా గీసేవాణ్ణి. ఆకు ముడుచుకున్న చోట ఈనెలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, చాపగా ఉన్న చోట దూరం జరుగుతాయి, అది పాటిస్తే చాలు, కన్ను మిగతాది ఒప్పేసుకుంటుంది. ప్రతి ఈనే గీయక్కర్లేదు కూడా, వెలుగు పడే గుట్ట మీద సగం వదిలేశా.

గరుకు కాగితం ఆకుల మీద పట్టలేదు. పడితే అంచులన్నీ కరిగిపోతాయి, పైగా ఆ గరుకు రేణువులు కర్ర రంధ్రాల్లో ఇరుక్కుని తర్వాత ఉలి పదును తినేస్తాయి. పదునైన ఉలి కోసిన చోట టేకుకి ఒక సన్నటి మెరుపు ఉంటుంది, అది కాగితంతో రాదు. నేల వరకు కొంచెం రుద్దాను. మెలమైన్ పాలిష్ కూడా వద్దనుకున్నా, మందంగా పడితే సన్న ఈనెలు పూడిపోతాయి. లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పల్చగా మూడుసార్లు గుడ్డతో పూసి తుడిచేశా, అంతే.

ఏడో ఆకు గురించి చెప్పాలి. దాని కొన దగ్గర కర్రలో చిన్న ముడి ఉంది, గీసేటప్పుడు చూసుకోలేదు, అక్కడ నార సుడి తిరిగి ఎటు నుంచి కోసినా పెచ్చు లేస్తోంది. పక్క ఆకులన్నీ అయిపోయాయి, చెక్క మార్చడానికి లేదు. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఆ ముడి ఉన్న ముక్కని తీసేసి ఆకు కొన చిరిగిపోయినట్టు, పురుగు కొరికినట్టు చెక్కా. ఉగాది తోరణంలో కూడా అలాంటి ఆకు ఒకటి ఉంది, దాని ఫొటో చూసే చేశా. పెదనాన్న దాని మీద వేలు పెట్టి "ఇది ఎక్కడ చూశావు" అని అడిగాడు, తోరణంలో అన్నాను. ఏమీ అనకుండా తల ఊపాడు.

కార్తీకంలో గృహప్రవేశం. చెక్క బిగించేటప్పుడు ఒక సంగతి ముందే ఆలోచించా, పండగొస్తే నిజం మామిడాకులు కట్టాలి కదా, కట్టాలంటే ఎవరో ఒకరు సుత్తి పట్టుకొచ్చి చెక్కిన ఆకు మీదే మేకు కొడతారు, మన ఇళ్ళల్లో ఇది జరిగేదే. అందుకని రెండు చివర్లా చెక్క వెనక చిన్న ఇత్తడి కొక్కేలు బిగించి చెల్లెలికి, బావగారికి, వాళ్ళ అత్తగారికి కూడా విడివిడిగా చూపించా. పసుపు, కుంకుమ మాత్రం గుమ్మం నిలువు చెక్కలకీ గడపకీ రాయండి, ఆకుల లోతుల్లో పడితే తీయడం కష్టం అని బతిమాలుకున్నా. వాళ్ళ అత్తగారు విన్నారు గానీ మధ్య ఆకుకి ఒక్క బొట్టు పెట్టారు. దాన్ని నేను తుడవలేదు.

ఇప్పుడు చెల్లెలు పూజగది తలుపులకి తమలపాకులు అడుగుతోంది. మామిడాకు లెక్కలు దీనికి పనికిరావడం లేదు. ఇందులో పెద్ద ఈనెలు తొడిమ దగ్గరే పుట్టి విల్లులా వంగి కొన దగ్గర కలుసుకుంటాయి, ఒక్కో ఈనెకీ మధ్య భాగం దిండులా ఉబ్బుతుంది, ఎండితే చుట్టుకోవడం కూడా వేరేలా ఉంది. రోజూ కిళ్ళీ కొట్టు నుంచి నాలుగాకులు తెచ్చి బల్ల మీద పెట్టి చూస్తున్నా. మెత్తగా ఉంటుందని పొనికి కర్ర ముక్క మీద ఇప్పటికి ఐదు చెక్కాను, నాలుగు పక్కన పడేశా, ఐదోదాని తొడిమ దగ్గర గుంట మాత్రం బాగానే కుదిరింది, అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఆరోది రేపు చెక్కుతా.